డబ్బా అడుగున మొరం దుమ్ము

గగన్‌పహాడ్‌లో బ్రేకుల ఏలియా అంటే తెలియని బండివాడు లేడు. అలాంటి ఏలియా తన షెడ్డు బోర్డు మీద ‘బ్రేకుల’ అన్న మాటకు తానే నల్లరంగు పూసి ఏడాదైంది. ఎవరైనా వచ్చి బ్రేకు పడటం లేదంటే, “ఆయిల్ మారుస్త, ప్లగ్గు కడుగుత, చైను బిగిస్త. బ్రేకులు చెయ్య. ఇంకో తాన చూసుకో” అని తల దించుకునేవాడు. ఎందుకో చెప్పేవాడు కాదు. వయసు మీదపడి బద్ధకం వచ్చిందని కొందరన్నారు. పేరొచ్చాక తలకెక్కిందని కొందరన్నారు. నేను రెండో జట్టులో ఉన్నాను.

నా పేరు కవిత. మాది తొండుపల్లి. ఎయిర్‌పోర్టులో చక్రాల కుర్చీలు తోస్తాను. నడవలేని ప్రయాణికులను కారు దగ్గర అందుకుని విమానం తలుపు దాకా తీసుకుపోవడం నా పని. పన్నెండేళ్లుగా మనుషుల ముఖాలకన్నా ముందు కాళ్లు చూస్తున్నాను. ఎవరికి ఏ మోకాలు పట్టేసింది, ఎవరు ఏ పాదం మీద బరువు వేయడం లేదు, రెండడుగులు వేస్తే చాలు, చెప్పేస్తాను. ఇంత చూపున్న దాన్ని, బాబాయి వరసతో నేను పిలిచే ఏలియా కాక కాలు మాత్రం చూడలేదు. ఆ సిగ్గుతోనే ఇది చెబుతున్నాను.

మొన్న ఎండాకాలం మా తమ్ముడు పాండు బర్రెల కొట్టం కూలగొట్టి కిరాయి గదులు కట్టిస్తానన్నాడు. కొట్టం మూలన టార్పాలిన్ కింద మా బాపు చెన్నయ్య బుల్లెట్టు పదకొండేళ్లుగా ఉంది. బాపు పోయే ముందు ఎక్కడ నిలబెట్టాడో అక్కడే ఉంది.

“తుక్కోనికి ఇచ్చేద్దామక్కా” అన్నాడు పాండు.

నాకు ఎక్కడలేని కోపం వచ్చింది. ఆ బండికి రెండు వైపులా పాల క్యాన్లు వేలాడదీసుకుని బాపు రోజూ తెల్లారేసరికి పట్నం పోకపోయి ఉంటే వీడికీ బడి లేదు, నాకూ బడి లేదు. ఆ మాటే వాడి ముఖాన అనేసి, అప్పటికప్పుడు ట్రాలీ ఆటో పిలిపించి, బండిని ఎక్కించి గగన్‌పహాడ్ తీసుకుపోయాను.

ఏలియా కాక షెడ్డు ముందు స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. ఆటో ఆగకముందే చెయ్యి అడ్డంగా ఊపాడు.

“ఎనక బ్రేకు పట్టేసినట్టుంది గదా? నేను చెయ్య బిడ్డా.”

“కాకా, ఇది చెన్నయ్య బండి.”

“చెన్నయ్యదైనా అంతే” అంటూనే లేచి వచ్చాడు. టార్పాలిన్ సగం లాగాడు. చుట్టూ తిరిగి ఎడమ పక్కకు వచ్చి, ట్రాలీ అంచున చతికిలబడ్డాడు. తుప్పు పట్టిన బ్రేకు పెడల్‌ను బొటనవేలితో తుడిచాడు. ఇప్పటి బండ్లన్నిటికీ బ్రేకు కుడికాలి కింద ఉంటుంది. ఆ పాత బుల్లెట్టుకు తలకిందులు, గేరు కుడివైపు, బ్రేకు ఎడమవైపు. కాక ఆ పెడల్ మీద చెయ్యి తీయకుండా చాలాసేపు కూర్చున్నాడు.

“దించు” అన్నాడు చివరికి.

మా బాపు మీద ఎంత ప్రేమ ఉంటే ఏడాది పట్టుదల వదులుకుంటాడు అనుకున్నాను. కళ్లల్లో నీళ్లు కూడా తిరిగాయి. నా అంత తెలివైనది తొండుపల్లిలో ఇంకొకతె లేదు మరి.

నా డ్యూటీ మధ్యాహ్నం రెండుకల్లా అయిపోతుంది. అక్కడి నుంచి తిన్నగా షెడ్డుకు పోయేదాన్ని. వెనక చక్రం ఊడదీసిన రోజు డ్రమ్ములోంచి కందిరీగల మట్టిగూడు ఒకటి రాలిపడింది. బ్రేకు షూల మీది లైనింగు ఎండిన రొట్టెలా విరిగిపోయింది. డ్రమ్ము లోపలి గోడకు వేలు పెడితే గీతలు గీతలుగా తగిలింది. నలభై చువ్వల్లో పదకొండు పోయాయి. ఏలియా కాక చక్రాన్ని ఒళ్లో పెట్టుకుని పానా పిడితో ఒక్కో చువ్వనూ తట్టాడు. బాగున్న చువ్వ సన్నగా మోగుతుంది. తుప్పు తిన్నది టక్కుమని ఊరుకుంటుంది.

“మీ బాపు చక్రం ఇంతకుముందు నాలుగుమాట్లు అల్లిన. పాల బరువుకు మామూలు చువ్వలు నిలువయి. లావు చువ్వలేసి ఇస్తే, ఇది చక్రమా మంచం పట్టెనా అనేటోడు” అని నవ్వాడు.

చువ్వలు అల్లుతూనే తన సంగతులు చెప్పేవాడు. పదిహేనేళ్ల వయసులో ఆరాంఘర్‌లో ఒక ఉస్తాద్ దగ్గర చేరాడట. ఆరేళ్లపాటు ఆ ఉస్తాద్ ఇంజను ముట్టనివ్వలేదట. అన్నీ చక్రాలూ బ్రేకులే. పెళ్లయి సొంత షెడ్డు వేసుకున్నాక మొదలుపెట్టిన అలవాటు ఒకటి ఉంది. అది చూడటానికి పక్క షెడ్లవాళ్లు కూడా పని ఆపి వచ్చేవాళ్లు.

బ్రేకు చేసిన బండిని ఊరికే అప్పగించడు. షెడ్డు వెనక మొరం పరిచిన దారి మధ్యలో, ఆయన భార్య మరియమ్మ చిన్నమ్మ పొద్దున కట్టిచ్చిన టిఫిన్ డబ్బా పెడతాడు. దానికి కాస్త ఇవతల సున్నం కొట్టిన రాయి ఒకటి ఉంటుంది. కాలి చెప్పు విడిచి బండెక్కి, వేగంగా వచ్చి, ఆ రాయి దాటాకనే ఉత్త పాదంతో వెనక బ్రేకు తొక్కుతాడు. ముందు బ్రేకు మీద వేలు కూడా పెట్టడు. బండి డబ్బా ముందు ఆగితే బండి నీది, డబ్బా ఆయనది. ఆగకపోతే ఆ పూట పస్తే.

“మనిషిని నిలవెట్టలేం గద బిడ్డా. అందుకే అన్నం పెడ్త. అన్నం మీదికి బండి ఎక్కిచ్చుకుంటరా ఎవలన్న? గా భయం ఉంటెనే చెయ్యి సక్కగ పనిచేస్తది.”

డబ్బా అడుగున ఎర్రటి మొరం దుమ్ము అంటుకుని ఇంటికి పోతే చిన్నమ్మ తిట్టేదట. “పెళ్లికి మా అమ్మ పెట్టిన డబ్బాను రోడ్డు పాలు చేస్తావా” అని రోజూ ఇంట్లో పంచాయితీయేనట. ముప్పై ఏళ్లకు పైగా తిడుతూనే ఉంది, ఆయన పెడుతూనే ఉన్నాడు.

అల్లడం అయ్యాక ఔట్ తీయడం మొదలైంది. చక్రం తిరుగుతుంటే అటూ ఇటూ ఊగకుండా చేయడాన్ని మేస్త్రీలు అలా అంటారు. రెండు ఇనుప కోణాల మధ్య చక్రాన్ని నిలబెట్టి, నన్ను మెల్లగా తిప్పమనేవాడు. తాను సుద్దముక్క పట్టుకుని కదలకుండా కూర్చునేవాడు. రిమ్ము ఎక్కడ పక్కకు వస్తే అక్కడ సుద్ద గీసుకుంటుంది. అక్కడి చువ్వను పావు చుట్టు బిగించి, ఎదుటి చువ్వను పావు చుట్టు వదులుతాడు. మళ్లీ తిప్పు. మళ్లీ సుద్ద. ఈ పనికి తొందర ఉండదు. నాకేమో పుట్టుకతోనే తొందర. మొదటి రోజు విసుక్కున్నాను. మూడో రోజుకు ఆ తిరుగుడు నన్ను లోపలికి లాక్కుంది.

ఎండ రేకుల సందులోంచి వచ్చి చువ్వల మధ్య పడేది. చక్రం తిరుగుతుంటే నేల మీద నీడలు చకచకా కదిలేవి. శంషాబాద్ వైపు దిగే విమానం నీడ ఒకటి షెడ్డు మీదుగా జారిపోయేది, చువ్వల చప్పుడు వినబడదని ఏలియా కాక చెయ్యి ఆపేవాడు, అది పోయాక మళ్లీ సన్నగా చక్రం. ఇప్పుడు విమానాలు దిగే చోట నా చిన్నప్పుడు మా జొన్నచేను గట్టు ఉండేది. బాపు ఆ గట్టు మీద బండి నడుపుకుంటూ వచ్చేవాడు, ఖాళీ క్యాన్లు ఒకదానికొకటి తగులుతూ ఊరంతటికీ వినబడేవి. చక్రం తిప్పుతూ తిప్పుతూ ఒకరోజు నేను కూర్చున్న చోటే కునికాను. ఎయిర్‌పోర్టు నున్నటి నేల మీద బాపు బుల్లెట్టు ఆపుకుని నిలబడి ఉన్నాడు. రెండు పక్కలా పాల క్యాన్లు, వాటి మూతల మీద గడ్డిపోచలు. నేను ఖాళీ కుర్చీ తోసుకుంటూ ఎదురుపోయి, బాపూ కూర్చో, తీసుకపోతా అన్నాను. నాకెందుకు బిడ్డా, బండి ఉంది గద అన్నాడు. పాలు తొణుకుతున్న చప్పుడు వినబడింది.

“తిప్పు బిడ్డా, ఆపకు” అన్నాడు ఏలియా కాక.

కళ్లు తెరిచాను. నా చెయ్యి చక్రం మీదే ఉంది. ఆ మధ్యాహ్నం ఎప్పటికీ అయిపోకుండా ఉంటే బాగుండుననిపించింది.

తర్వాత డ్రమ్మును పక్క షెడ్డులో లేత్ మిషను మీద పెట్టించి లోపలి గీతలు పోయేలా కోయించాడు. కొత్త షూలు తెచ్చి, డ్రమ్ము లోపలంతా సుద్ద రాసి, బిగించి తిప్పాడు. ఊడదీసి చూస్తే సుద్ద అంటిన చోట షూ ఎత్తుగా ఉన్నట్టు. అక్కడ ఆకురాయితో రెండు గీతలు గీసి మళ్లీ బిగించాడు. ఇలా ఎన్నిసార్లో నాకు లెక్క తెలియదు. షూ మొత్తానికీ సుద్ద సమంగా అంటేదాకా వదల్లేదు. అప్పుడు ఆ డ్రమ్మును వెలుతురులో చూద్దామని లేచి బయటికి నడిచాడు.

ఆయన కుడికాలి చెప్పు స్టూలు దగ్గరే ఉండిపోయింది.

ఆ సంగతి ఆయనకు తెలియలేదు. ఒక కాలికి చెప్పుతో, ఒక ఉత్త కాలితో, పక్క షెడ్డు లేత్ నుంచి బయటికి చుట్టలు చుట్టలుగా పడి ఉన్న ఇనుప పొట్టు మీదుగా నడిచిపోయాడు. వెనక నేల మీద ఎర్రటి అడుగులు పడ్డాయి.

“కాకా, కాలు!”

“ఏమైంది?” అని కిందికి చూశాడు. ఎవరి కాలినో చూసినట్టు చూశాడు.

కూర్చోబెట్టి కడిగాను. దిగిన ఇనుప ముక్కను పట్టకారుతో లాగుతుంటే ఆయన కనుబొమ్మ కూడా కదల్లేదు. తల అటు తిప్పమని, బొటనవేలు పట్టుకుని అడిగాను.

“ఏ వేలు పట్టిన కాకా?”

“చిటికెన వేలు” అన్నాడు. ఆ అనడంలోనే తాను దొరికిపోయానని ఆయనకు అర్థమై, నా వైపు తిరగలేదు.

“ఎన్నాళ్లయింది?”

“యాడాది. నడుముల నరం నొక్కుకపోయిందన్నరు దవాఖానల. మోకాలు దాక నాదే. కిందికి నాది కాదు.”

“గందుకేనా బ్రేకులు బంద్ పెట్టింది?”

“ఆఖరుకు ఒక బండి చేసిన. డబ్బా పెట్టిన. రాయి దాటినంక తొక్కిన అనుకున్న. కాలు పెడల్ మీద లేనే లేదు బిడ్డా. గాల్లున్నది. డబ్బా అంచుకు తాకి పోయింది బండి. గా దినమే బోర్డు మీద రంగు పూసిన. చేతులు మంచిగనే ఉన్నయి. కానీ నేను తొక్కి చూడని బ్రేకు ఇంకొకని చేతుల ఎట్ల పెడుదు?”

“మరి నా బండి ఎందుకు పట్టినవ్?”

తన ఎడమకాలి వైపు చూపించాడు. “ఇది ఇంక నాదే. యాడాదిల ఎడమ బ్రేకు బండి నీదొక్కటే వచ్చింది.”

“గేరు కుడికాలుతోనే గదా?”

“గేరు పడకుంటే ఇంజను చెప్తది. చెవులున్నయి. బ్రేకు పడకుంటే ఎవలు చెప్తరు?” గడ్డంతో బండి వైపు చూపాడు, “ఇది డబ్బా ముందల ఆగిందంటే నేను ఇంక బ్రేకు మేస్త్రినే. ఆగకుంటే బోర్డు మొత్తం తుడిచి షెడ్డు ఇడిసిపెడ్త. మీ చిన్నమ్మకు చెప్పకు. నడుము నొప్పి అని చెప్పిన.”

నాకు మండిపోయింది. బాపు మీద ప్రేమ అనుకుని నేను మురిసిపోతే, ఈయనకు కావలసింది బండి ఎడమ పక్క. కాలికి గుడ్డ కట్టి వచ్చేశాను. రెండు రోజులు పోలేదు.

మూడో రోజు ఎయిర్‌పోర్టులో ఒక పెద్దాయన్ను తోసుకుపోతున్నాను. విమానం తలుపు ఇంకో పది అడుగులు ఉందనగా, ఇక్కడ దిగుతాను, లోపలికి నడిచి వెళ్తాను అన్నాడు. చాలామంది అలాగే అడుగుతారు. మేము కాదనం. కుర్చీ ఆపి, పక్కన నిలబడి, ఆ పది అడుగులు వాళ్లను వేసుకోనిస్తాం. ఆయన తలుపు దాకా నడిచి వెనక్కి తిరిగి నా వైపు చూశాడు. ఆ మధ్యాహ్నం నేను షెడ్డుకు పోయాను. కోపం ఎటు పోయిందో చూడలేదు.

శనివారం నాకు సెలవు. పొద్దున పదికి పరీక్ష. పక్క షెడ్లవాళ్లకు చెప్పవద్దన్నాడు. దారి మీద మేమిద్దరమే. చిన్నమ్మ కట్టిన అన్నం, పచ్చిపులుసు, వేయించిన ఎండుచేపలు డబ్బాలో ఉన్నాయి. దాన్ని దారి మధ్యలో పెట్టాడు. ఎడమకాలి చెప్పు విడిచాడు. ఆయిల్ మార్చి, ప్లగ్గు కడిగి ఉంచిన బాపు బండి పదకొండేళ్ల తర్వాత నోరు తెరిచింది.

దూరం నుంచి వచ్చాడు. సున్నం రాయి దాటాడు. అప్పుడు ఆయన కుడి మోకాలు లేచి దిగడం చూశాను. ముప్పై ఏళ్లు కుడివైపు బ్రేకులు తొక్కిన మోకాలు. అది గేరు మీద పడింది. బండి మూడులోంచి నాలుగులోకి మారి, హాయిగా డబ్బా మీదుగా పోయింది.

మెతుకులు మొరం మీద చెల్లాచెదురుగా పడ్డాయి. కాక బండి ఆపుకుని, నేల మీద కూర్చుని, ఒక్కో మెతుకూ ఏరి డబ్బాలో వేస్తున్నాడు.

“అయిపోయింది బిడ్డా.”

“బ్రేకు పడలేదా?”

“నేను తొక్కితె గద పడేది! కాలుకు తెల్వకున్నా మోకాలుకు యాదికున్నది.”

నాకు ఏడుపు రావాలి. కోపమే వచ్చింది. “అయితే అయిపోలేదు. లే కాకా.”

మా పనిలో, ఒక పక్క పడిపోయిన మనిషిని కుర్చీలోంచి లేపేటప్పుడు, బాగున్న మోకాలి మీద అరచేత్తో ఒక్కటి తట్టి ‘ఈ కాలు’ అంటాం. ఉత్త మాట చాలదు. ఏ మోకాలు తడితే ఆ కాలే ముందు లేస్తుంది. వేలసార్లు చూశాను. నా సంచిలోంచి నా టిఫిన్ డబ్బా తీసి దారి మధ్యలో పెట్టి, బండి వెనక ఎక్కి కూర్చున్నాను.

“నీ అన్నం మీదికి నేను ఎక్కియ్యలేను బిడ్డా.”

“మరి ఎక్కియ్యకు.”

నా అరచెయ్యి ఆయన ఎడమ మోకాలి మీద పెట్టాను. బండి కదిలింది. చెవుల్లో గాలి, కింద బాపు చక్రం, నా చిన్నప్పటి సీటు వణుకు అదే. ఎప్పుడు సున్నం రాయి వచ్చిందో, వచ్చినట్టే లేదు, అయినా చెయ్యి తనంతట తాను లేచి తట్టింది. “ఈ కాలు!”

వెనక చక్రం మొరాన్ని గరగరా గీకింది. బండి మెల్లమెల్లగా బరువెక్కి నిలిచిపోయింది. డబ్బాకు జానెడు ఇవతల ఆగాం.

కాక దిగలేదు. ఒగర్చుకుంటూ కూర్చున్నాడు. తర్వాత అన్నాడు, “మల్ల ఒక్కపారి. ఈసారి చెయ్యి తియ్యి.”

రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. బండి రాయి దాటింది. ఆయన కుడి మోకాలు కాస్త లేవబోయి ఆగింది. ఎడమ పాదం దిగింది. బండి ఆగాక ముందుకు వంగి చూశాను. చక్రానికీ నా డబ్బాకూ మధ్య బెత్తెడు ఖాళీ. కాక భుజాలు కదులుతున్నాయి. ఏడుస్తున్నాడని వెనక నుంచే తెలిసింది. నేనూ ఏడ్చాను.

చర్చి వెనక సందులో వాళ్ల ఇల్లు. నలిగిన డబ్బాను ఒళ్లో పెట్టుకుని వెనక కూర్చుని పోయాను. మరియమ్మ చిన్నమ్మ వాకిట్లో చాటలో బియ్యం ఏరుతోంది. బండి చప్పుడుకు తలెత్తింది. నా చేతిలోంచి డబ్బా తీసుకుంది.

“అది... లారీ ఒకటి ఎనకకు వచ్చి...” అని కాక మొదలుపెట్టాడు.

చిన్నమ్మ సొట్ట వైపు చూడనే లేదు. డబ్బాను తిరగేసి అడుగున బొటనవేలితో రాసింది. వేలు ఎర్రగా అయింది.

“బ్రేకు చేసినవా?”

కాక తలూపాడు.

ఆమె అలాగే గడప మీద కూర్చుండిపోయింది. “యాడాది సంది ఈ డబ్బా కడుగుతున్న. అడుగున దుమ్ము లేదు. రోజూ తిరగేసి చూసుడు, రోజూ ఏడ్సుడు. నువ్వు చెప్తెనే నాకు తెలుస్తదా నీ కాలు సంగతి? ఒక చెప్పు తోవల ఇడిసి నడుసుకుంట వస్తుంటివి. పొద్దుగాల లేచేటాళ్లకు రెండు చెప్పులు గడప కాడ ఉంటుండె. ఎవలు తెచ్చి పెట్టిన్రనుకున్నవ్?”

చిన్నమ్మ కళ్లు తుడుచుకుని లేచి, చెంబుతో నీళ్లు తెచ్చి, ఎడమకాలి మీద పోసి మొరం దుమ్ము కడిగింది. తర్వాత నేను కట్టిన గుడ్డ విప్పి, ఏమీ తెలియని ఆ కుడికాలిని కూడా అంతే మెల్లగా కడిగింది. లోపలికి పోయి ముగ్గురికీ ఎసరు పెట్టింది. డబ్బా మాత్రం ఆ రోజు కడగలేదు.